కుట్టు అతుక్కున్న రోజు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కబడ్డీలో నా మోకాటి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగితే నంద్యాలలో కుట్టు వేశారు. రక్తం అందితే కుట్టు బాగా మానుతుందని డాక్టరు దాని పక్కనున్న ఎముకకు సన్నని రంధ్రాలు కూడా పెట్టాడు. ఆరు వారాలు కాలు నేలకు ఆనించలేదు. వారం వారం ఆళ్లగడ్డ నుంచి బస్సులో నాయనే నన్ను తీసుకొచ్చాడు.

ఈ రోజు డాక్టరు కుట్టు అతుక్కుందన్నాడు. చంకకర్రలు వదిలి గది ఆ చివరిదాకా నడిచాను. నాయన కళ్లు తుడుచుకున్నాడు. నా కోసమే అనుకున్నాను.

"ఎట్ల నడుస్తాండా నాయనా?" అని అడిగాను.

"అచ్చం మీ అన్న మాదిరే నడుస్తాండావ్ రా," అన్నాడు.

నువ్వు లేకపోయినా నీ మీద నాకు కుళ్లు పోలేదన్నా. ఆసుపత్రి గేటు దాటేదాకా కావాలనే కుంటుతూ నడిచాను.