కాలు పెట్టాల్సిన చోట బ్యాట్

ఆదివారం రాత్రి, గూడూరు

మళ్లీ ఓడిపోయాం. దుకాణం మూసుకుని మానుకోట దాకా బేస్‌బాల్ చూడ్డానికి పోయింది ఇందుకేనా! మా గూడూరు ఆడపిల్లలంతా వీధి క్రికెట్‌లో పెరిగినవాళ్లు. బంతి నేలకు తగిలి లేస్తుందని చూస్తూ నిలబడతారు, ఆలోపు అది వెనకున్న పిల్ల చేతిలో పడుతుంది. బ్యాట్ ఊపకుండానే ఒక్కొక్కరూ వెనక్కి వస్తుంటే అరిచి అరిచి నా గొంతు పోయింది.

చివరికి మా అక్క కూతురు స్వప్న కొట్టింది. ఎంత చక్కటి దెబ్బ! బ్యాట్ అక్కడే పడేసి పరుగెత్తాలి. కానీ చేతిలో పట్టుకునే పరుగెత్తి, ఫస్ట్ బేస్ మీద కాలు పెట్టకుండా, క్రికెట్‌లోలాగా వంగి బ్యాట్ ఆనించింది. ఈ ఆటలో అది చెల్లదు. ఔట్.

"కాలు పెట్టాలని ఎన్నిసార్లు జెప్పిన నీకు?" అని కోచ్ అందరి ముందూ తిట్టాడు. స్వప్న తల వంచుకుని నిలబడింది.

తిరుగు బస్సులో నేనూ ఊరుకోలేదు. "గంత మంచిగ కొట్టి, గట్లెట్ల మర్చిపోయినవ్?"

"మర్చిపోలే మామా. నువ్వే గదా 'బ్యాట్ పెట్టు, బ్యాట్ పెట్టు' అని ఒర్రినవ్."

ఒర్రానా? ఒర్రే ఉంటాను. వాకిట్లో దానికి క్రికెట్ నేర్పినన్నాళ్లూ అదే కేక.

"మరి సార్‌కు జెప్పకపోయినవా?"

"జెప్తే నిన్ను మల్ల గ్రౌండుకు రానియ్యడు."

వచ్చే ఆదివారం ఇంకో ఆట ఉంది. నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతనవుతుందా...