మైలోడాన్‌ది ఏ వరస?

బావా,

కొట్లో బేరాల్లేవు, అందుకే ఫోన్లో టకటకా కొట్టేస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో. నేను విజయనగరం కాపురానికి రావడం లేదు. ఇల్లు చూడకు. నువ్వు అక్కడ కాలేజీలో జువాలజీ చెప్పుకో, నేను ఇక్కడ పాతపట్నంలో స్టీలు సామాన్లు అమ్ముకుంటాను.

ఎందుకంటావా? మొన్న ఆదివారం నీకు చెప్పకుండా పనసపొట్టు కూర పట్టుకుని మీ కాలేజీకి వచ్చాను కదా. నువ్వూ, మీ కుసుమకుమారి మేడమూ కాలేజీ మ్యూజియంలో పెట్టే ఎద్దంత బొమ్మకి కొబ్బరిపీచు అంటిస్తున్నారు. మైలోడాన్ అట, దక్షిణ అమెరికాలో వేల ఏళ్ళ కిందట అంతరించిపోయిన నేల స్లోత్ అట, అంటే నేల మీద తిరిగే బద్ధకపు జంతువు. ఆవిడ ఏదో అంది, నువ్వు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వావు. నా మాటకి ఎప్పుడైనా అలా నవ్వావా? బస్సు దగ్గర "ఏటి బావా ఆ జంతువు కత?" అంటే, "నీకు బోరు కొడతాదిలేవే" అన్నావు.

ఆవిడది శ్రీముఖలింగం. ఇంటిపేరు మీ మేనత్తనిచ్చిన వాళ్ళదే. అంటే నీకు మరదలు వరస. నిన్ను అడక్కుండానే బస్సెక్కేశాను. మరదళ్ళతో నువ్వెలా నవ్వుతావో నాకు తెలీదా, నేనూ మరదల్నే కదా! నిన్న పెళ్ళివారు బిందె మీద అమ్మాయి పేరు చెక్కమంటే "కుసుమ" అని చెక్కేశాను. ఆ బిందె కొట్లోనే పడుంది.

కూర డబ్బా మాత్రం పంపించు.

ఇంకా నీదాన్నే అయిన,
హైమ

*

బావా,

ఫోనెత్తలేదని కోపం పెట్టుకోకు. నిన్న మీ అమ్మ మా కొట్టుకి వచ్చింది. బిందె చూసి "ఎవుర్తే ఈ కుసుమ?" అంది. అంతా కక్కేశాను. అత్త స్టూలు మీద కూలబడి ఒకటే నవ్వు.

"ఒసే పిచ్చిమొకమా, ఇంటిపేరు సూసి వరస కట్టేత్తావేటి? దాని తల్లి మా పెద్దమ్మ కూతురు. నా కొడుక్కి సెల్లెలవుతాది!"

తర్వాత నీ మెసేజ్ చదివాను. ఇప్పుడు చెట్లకి వేలాడే స్లోతుల్లో రెండువేళ్ళవీ, మూడువేళ్ళవీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయనీ, డీఎన్ఏ చూస్తే రెండువేళ్ళది మైలోడాన్‌కి దగ్గర చుట్టమనీ, మూడువేళ్ళది వేరే నేల స్లోతుల వైపనీ రాశావు. రూపం చూసి శాస్త్రవేత్తలే పొరబడ్డారు, నువ్వెంత అన్నావు. బాగానే ఉంది.

కానీ బావా, చెల్లెలని తెలిశాక కుళ్ళు పోవాలి కదా. ఒక పూట పోయింది, సాయంత్రానికి మళ్ళీ వచ్చేసింది. ఆవిడ మీ అమ్మమ్మ ఈడుదైనా నాకు ఇంతే మండేది. నీకు ఇష్టమైన సంగతులన్నీ ఆవిడ దగ్గర విప్పుతావు. నా దగ్గరికొచ్చేసరికి అన్నం తిన్నావా, కరెంటు ఉందా, అంతే. నాకు బోరు కొడుతుందని నువ్వే తేల్చేశావు. నన్ను ఒక్క మాట అడిగావా? మైలోడాన్ చర్మం లోపల చిన్న చిన్న ఎముకలు గులకరాళ్ళలా పరిచి ఉండేవని నువ్వు రాసింది చదువుతూ, ఎదురుగా బేరం నిలబడినా లేవలేదు తెలుసా.

ఇల్లు చూడు. కొట్టు తమ్ముడు రాంబాబుకి అప్పజెప్పి, సరుకు దిగే రోజు నేనొచ్చి చూసుకుంటాను. కుసుమ వదినని భోజనానికి పిలుద్దాం, నేనే వండుతాను. కానీ ఆ జంతువు గురించి ఆవిడకి ఇంకా చెప్పనిది ఒక్కటైనా మిగిల్చి ఉంచు. నేను బస్సు దిగగానే అది ముందు నాకే చెప్పాలి.

నీ,
హైమ