జనరేటరు ఖవాజా గారి మరణ ప్రకటన

ఐన్ సఫ్సాఫ్
డిసెంబరు 10

గౌరవనీయులైన ఖవాజా నఖ్లే గారికి,

చర్చి పాటల బృందం టీచరు జుమానా నమస్కరించి రాయునది. మేము క్షేమం. మీరూ మీ జనరేటరూ క్షేమమని తలుస్తాను. జనరేటరు సంగతి మాత్రం నాకు గట్టిగా తెలుసు, దాని మోత మా వంటింట్లోకి వినబడుతుంది. మీ ఫోను ఎప్పుడూ కట్టేసి ఉంటుంది కనుక, రొట్టెల కోసం మీరు బాల్కనీ నుంచి తాడుతో దింపే బుట్టలో ఈ ఉత్తరం వేస్తున్నాను. రొట్టెల కింద ఉంటుంది, చూసుకోగలరు.

విషయం ఏమిటంటే, ఇరవైమూడో తారీకు సాయంత్రం బడి హాల్లో పాటల నాటకం వేస్తున్నాం. పాత కథే. ఒక పిసినారి ముసలాయన దగ్గరికి క్రిస్మస్ ముందు రాత్రి మూడు ఆత్మలు వచ్చి, జరిగిపోయిందీ జరుగుతున్నదీ చూపించి, చివరికి అతని చావు కూడా చూపిస్తాయి. తెల్లారేసరికి మనిషి మారిపోతాడు. దాన్ని మన కాలానికి మార్చి, ఊద్ తీగల మీద పాటలు కట్టాం. ద్రాక్ష కోతలప్పటి నుంచి సాధన చేస్తున్నాం.

సర్కారు కరెంటు ఎలాగూ రాదు, ఊరందరికీ దీపం మీ జనరేటరుదే. మీరు రోజూ రాత్రి తొమ్మిదింటికి కరెంటు తీసేస్తారు. మా పిసినారి మారేది తొమ్మిది దాటాకే. అంతకు ముందే చీకటైపోతే జనం అతను మారకుండానే ఇళ్ళకు వెళ్ళిపోతారు. కాబట్టి ఆ ఒక్క రోజుకు మీరు దయ చూపాలని ప్రార్థన.

ఇట్లు,
జుమానా

తా.క. పిసినారి వేషానికి పాత గోధుమరంగు కోటు ఒకటి కావాలి. అంత పాతది ఊళ్ళో మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదంటున్నారు. ఒక్క పూటకు ఇప్పించగలరా?


డిసెంబరు 12

జుమానా టీచరుకు,

నఖ్లే రాయునది. ఖవాజా అని నన్ను దొరను చేసి మీరు రాసిన ఉత్తరానికి రొట్టె వేడి తగిలి సిరా అలుక్కుపోయినా, మీ ఉద్దేశం మాత్రం స్పష్టంగానే కనబడింది.

నా ఫోను సంగతి ఎత్తారు. కరెంటు పోయిందని చెప్పడానికి జనం ఫోన్ చేస్తారు. పోయిందని నాకు తెలియదా? తీసింది నేనే కదా. అందుకే కట్టేశాను.

ఇక నాటకం. నిన్న క్షౌరశాలలో తన్నూస్ నా గడ్డం సగం గీసి, మిగతా సగానికి ముందు కథంతా చెప్పాడు. మీ పిసినారికి జనరేటరు ఉందట. నాలాగే ఎడమ కాలు కుంటుతాడట. స్విచ్చి మీద వేలు పెట్టి "తీసెయ్, తీసెయ్" అని పాడతాడట, వెనకాల ముసలమ్మలంతా వంత పాడతారట. మీ పాత కథలో జనరేటరు ఎక్కడిదమ్మా? నాకు తెలియక అడుగుతున్నాను.

నేను ముసలివాణ్ణే గాని మొద్దును కాను. ఇరవైమూడున తొమ్మిదింటికి కాదు, ఎనిమిదింటికే తీసేస్తాను.

ఇట్లు,
నఖ్లే

తా.క. కోటు ఇవ్వను. తొడుక్కుని ఉన్నాను.

ఇంకో తా.క. నా వేషం వేసేది బేకరీ జిర్జిస్ అట కదా. వాడి గొంతు ఆదివారం ఆదివారం వింటూనే ఉన్నాను. నన్ను తిట్టించాలనుకుంటే తిట్టించండి, కనీసం శ్రుతిలో తిట్టించండి.


డిసెంబరు 13

పూజ్యులైన ఖవాజా నఖ్లే గారికి,

జుమానా నమస్కారాలు. మీకు కోపం రావడం న్యాయమే. కాని ఒక్కమాట వినండి. పాత కథలో వాడు వడ్డీ వ్యాపారి. ఈ రోజుల్లో మన కొండల్లో వడ్డీ వ్యాపారిని చూసి ఎవరు భయపడతారు? జనం గుండెల్లో రాయి పడేది దీపం రెపరెపలాడినప్పుడే. అందుకని జనరేటరు పెట్టాం. అంతేగాని మా వాడు మీరు కాదు. వాడి పేరు నస్రీ.

పైగా మీరు మొదటి సగమే విన్నారు. రెండో సగంలో ఆ నస్రీ ఏడిస్తే మా బృందంలో ఏడవని వాళ్ళు లేరు. మూడో ఆత్మ అతన్ని వీధిలోకి తీసుకెళ్ళి, గోడ మీద నల్ల అంచు కాగితం చూపిస్తుంది. అదే, మనవాళ్ళెవరైనా పోతే బంధువులందరి పేర్లతో గోడలకు అంటిస్తామే, ఆ చావు కాగితం. దాని మీద తన పేరు చూసుకుని కూలబడిపోతాడు. అక్కడ పాట కూడా లేదు, ఊద్ ఒక్కటే. మీరు వచ్చి అది చూస్తే నన్ను క్షమిస్తారు.

నిజంగా ఉండాలని ఆ కాగితం ప్రెస్సులో వదీఅ గారికే ఇచ్చాను. ఊరందరికీ కొట్టేది ఆయనే కదా. ఒకే ఒక్కటి కొట్టమన్నాను.

మీ కోపం తగ్గాలని ప్రార్థిస్తూ,
జుమానా

తా.క. కుంటడం తీసేశాం. కాని జిర్జిస్‌కు అలవాటై, ఇప్పుడు బేకరీలో కూడా కుంటుతున్నాడు.


డిసెంబరు 19

జుమానా టీచరుకు,

నిన్న ఉదయం చనిపోయిన నఖ్లే రాయునది.

పొద్దున్నే చావుగంట మోగింది. పాపం ఎవరో అనుకుని శిలువ గుర్తు వేసుకుని బాల్కనీలోకి వచ్చాను. ఎదురు గోడ మీద నల్ల అంచు కాగితం. అందులో నేను. ఇంటిపేరుతో సహా నేనే. నా పేరు కింద, జెజ్జీన్ ఊళ్ళో ఉన్న నా చెల్లెలు లబీబే, దాని పిల్లలు, పోయిన మా అన్నయ్య వియ్యంకులు, ఒక్కరు తప్పిపోతే ఒట్టు.

అంతా అయ్యాక వదీఅను పిలిచి అడిగాను. మీరు నస్రీ అని రాసి ఇస్తే, "జనరేటరు యజమాని" అని పక్కన చూసి, పాపం టీచరు ఏడుపులో పేరు తప్పు రాసిందనుకున్నాడట. వాడే దిద్దాడు. బంధువుల పేర్లు మా అన్నయ్య పోయినప్పటివి వాడి దగ్గరే ఉన్నాయి, అవి చేర్చాడు. చావు కాగితం ఒక్కటే ఎవడు కొట్టిస్తాడని కట్టలు కట్టలు కొట్టాడు. ఆనవాయితీ కదా, తెల్లారేలోపు ఊరంతా అంటించేశాడు. ముందు నన్ను కనుక్కోలేదా అన్నాను. ఫోన్ చేశాడట. కట్టేసి ఉందట. దాంతో నిర్ధారణ అయిపోయిందట.

కాగితం చూడగానే కిందికి వెళ్ళి అరవాల్సింది. కాని అప్పటికే వాకిట్లో కుర్చీలు వేస్తున్నారు, చావింట్లో ఇచ్చే చక్కెర లేని కాఫీ తిప్పుతున్నారు. శవం పట్నంలో, సైదా ఆసుపత్రిలో ఉందని ఎవరో తేల్చేశారు కూడా. ఏమంటారో విందామని కిటికీ వెనక నిలబడ్డాను. మనిషన్నవాడికి ఆ ఆశ ఉండదా? విన్నది మాత్రం మీకు చెప్పను.

ఈలోపు లబీబే మొదటి వ్యాన్ ఎక్కి వచ్చేసింది. మా నాన్న ద్రాక్షతోట పంచుకున్న దగ్గర్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. గుండెలు బాదుకుంటూ మెట్లెక్కి తలుపు తోసింది. నన్ను చూసింది. ఒక చెంపదెబ్బ కొట్టింది. చచ్చిపోయినందుకట. రెండో చెంప మీద ఇంకొకటి కొట్టింది. చావనందుకట.

మీ నాటకం నా చావుతో మొదలైంది. దాన్ని చీకట్లో ముగిస్తాను. ఇరవైమూడున అసలు కరెంటే వెయ్యను.

ఇట్లు,
కీర్తిశేషుడు నఖ్లే

తా.క. కాగితంలో నన్ను "భక్తిపరుడు" అన్నారు. అది కూడా వదీఅ సొంతంగానే చేర్చాడట.


డిసెంబరు 19, సాయంత్రం

ఖవాజా గారూ,

ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియడం లేదు. తప్పంతా నాదే. మీ వాకిట్లో కాఫీ తిప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏడ్చాను కూడా. నాటకం ఆగిపోతుందని కాదు, నిజంగానే ఏడ్చాను. మీరు నమ్మకపోతే తప్పు లేదు.

మీరు కరెంటు వెయ్యకపోయినా పరవాలేదు. నాటకం మానుకున్నాం. మీరు పైన బాల్కనీలో కనబడేసరికి జిర్జిస్ చేతిలో రొట్టెల పళ్ళెంతో సహా పడిపోయాడు. ఇక చచ్చినా ఆ వేషం వెయ్యనంటున్నాడు. ఇంకెవరూ వెయ్యరు. ముసలమ్మలు ఇళ్ళకు వెళ్ళి పాటల కాగితాలు మడిచి పెట్టుకున్నారు. ఈ ఏడాది మా వాళ్ళకు ఉన్న సంబరం అదొక్కటే. అది మిమ్మల్ని బాధపెట్టి చేసుకునే సంబరం అయితే మాకు వద్దు.

క్షమించండి.

జుమానా

తా.క. మీ ఆత్మశాంతికి చేసిన ప్రార్థనలు వెనక్కి తీసుకునే పద్ధతి లేదని ఫాదర్ గారు చెప్పమన్నారు. అవి మీ పేరు మీదే ఉంటాయట.


డిసెంబరు 20

అమ్మాయీ జుమానా,

విన్నది చెప్పనన్నాను. లబీబే చెప్పమంటోంది. చెప్పకపోతే మూడో చెంప వెతుక్కుంటుందట.

తిడతారనుకున్నానమ్మా. తిట్లయితే నాకు లెక్కలేదు, అలవాటే. కాని ఒక్కరూ తిట్టలేదు. నఖ్లేది పెద్ద చెయ్యి అన్నారు. అడిగినవాడికి లేదనలేదు అన్నాడు తన్నూస్. వాడు అడిగిన ప్రతిసారీ నేను లేదనే అన్నాను. మా కింద వాటాలో మిలాద్ వాళ్ళమ్మ ఉంటుంది కదా. పోయిన చలికాలం మిలాద్‌కు ఆయాసం వచ్చి మందు పొగ పెట్టే మిషను నడవాలంటే, ఈ ఒక్క రాత్రి కరెంటు ఉంచమని మెట్లెక్కి వచ్చి అడిగింది. తొమ్మిదింటికి తీసేశాను. తెల్లారేదాకా ఆ తల్లి పిల్లాణ్ణి భుజాన వేసుకుని వీధిలో తిరిగింది. మొన్న అదే మనిషి కళ్ళు తుడుచుకుంటూ, "మా మిలాద్‌కు బాగాలేనప్పుడు రాత్రంతా కరెంటు ఉంచాడమ్మా, దేవుడు చల్లగా చూడాలి" అంది.

నేను ఇంకెవరో నఖ్లే అనుకున్నాను. తర్వాత అర్థమైంది. చచ్చినవాణ్ణి ఒక మంచిమాటతో సాగనంపాలి కదా. వెతికితే నిజం ఒక్కటీ దొరకలేదు. అందుకని వాళ్ళ మంచితనం కొద్దీ తలా ఒక అబద్ధం తెచ్చారు. నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

కాబట్టి నాటకం ఆపడానికి వీల్లేదు. ఆ వేషం నేనే వేస్తాను. నస్రీ పేరు తీసేసి నా పేరు పెట్టండి, కుంటడం మళ్ళీ చేర్చండి. "తీసెయ్, తీసెయ్" పాటకు నాకు సాధన అక్కర్లేదు. మారిపోయే పాట మాత్రం నాకు రాదు. మెల్లగా నేర్పించాలి, కొంచెం ఓపిక పట్టాలి.

ఇట్లు,
ప్రస్తుతానికి బతికున్న
నఖ్లే

తా.క. నేను స్టేజీ మీద ఉంటే జనరేటరు ఎవరు చూస్తారని అడుగుతారేమో. గది తాళంచెవి పొద్దున్నే మిలాద్ వాళ్ళమ్మకు ఇచ్చేశాను. ఎప్పుడు తియ్యాలో ఆవిడ ఇష్టం. ఆవిడ తాళంచెవి చూసింది, నన్ను చూసింది, తాళంచెవి జేబులో వేసుకుంది. చలికాలం అయ్యేదాకా అది ఆవిడ దగ్గరే ఉంటుంది. ఎవరైనా అడిగితే, ముసలాడు పారేసుకున్నాడని చెప్పండి.