బల్బు వెలిగిన చోటు

బెంగుళూరు

అప్పకీ బావగారికీ ప్రభువు పేరట వందనాలు. మేమిక్కడ కులాసా. నర్సీపట్నంలో మీరంతా ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇక్కడ ఒకటే ముసురు. సాంబారులో బెల్లం వేస్తారు. నువ్విచ్చిన ఎండు మెత్తళ్ళ చేపలు అయిపోయాయి.

నా పని సంగతి అడిగావు. రేడియో తరంగాలు పరీక్షించే గదిలో హెల్పరుని. బాకా మూతిలాంటి రేకు గొట్టంలోంచి తరంగాలు వస్తాయి, కంటికి కనపడవు. చెక్క స్కేలు చివర చిన్న బల్బు, దానికి రెండు తీగ ముక్కలు. బేటరీ లేదు. గదిలో దీపాలార్పి నేను దాన్ని గాలిలో జరుపుతుంటే, తరంగం బలంగా ఉన్నచోట దానంతటదే వెలుగుతుంది, కాస్త జరిపితే ఆరిపోతుంది. సారు కెమెరా తెరిచే ఉంచుతారు. ఫొటోలో గాలంతా చారలే, ఏటికొప్పాక బొమ్మల మీద రంగు పట్టీల్లా. మొదట్లో ముచ్చటపడ్డాను.

పోయిన వారం నా వెనక ఇనప బీరువా తెచ్చి పెట్టారు. తీగ సరిచేద్దామని బల్బును దగ్గరికి తీసుకుంటే, నా కడుపు ముందు టక్కున వెలిగింది. ఇనుముకి తగిలి తరంగం వెనక్కొస్తుందట.

అప్పా, నాకు మూడో నెల. పోయినసారి నిలవలేదని నీకు తెలుసు.

"చాలా తక్కువ పవరమ్మా, భయం లేదు" అన్నారు సారు.

"తక్కువైతే బల్బెలాగ ఎలిగిందండీ?" అన్నాను. నవ్వేశారు. పాపం, ఆయనకు నా సంగతి తెలియదు.

ఇంటికొస్తే మీ మరిదిగారు, "కనపడనిదానికి భయమేటే, పిరికిదానా?" అన్నారు.

"ఇన్నాళ్ళూ కనపడనేదు. ఇప్పుడు కనపడింది కదా" అన్నాను.

నాకు చాలా భయంగా ఉందప్పా. అన్నం తింటున్నా అక్కడ వెలుగుతున్నట్టే ఉంటుంది. చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. చేతికి ఆగుతుందో లేదో తెలియదు. మానేద్దామంటే మీ మరిదిగారు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఉంది. సంగతి చెబితే రేపట్నుంచి రావద్దంటారు.

బల్బు చివర కట్టి దూరంగా నిలబడి జరపడానికి బావగారితో ఒక కర్ర చేయించు. బొమ్మలు చేసే అంకుడు కర్రయితే తేలిక. మేకు ఉండకూడదు, ఇనుముంటే తరంగం చెదురుతుంది. స్కేలు చాలడం లేదన్నాను, సారు ఒప్పుకున్నారు. రైలు పార్సిల్లో వేసి బేగి పంపమను.

అమ్మతో ఇప్పుడే చెప్పకు, చర్చిలో అందరిచేతా ప్రార్థన చేయించేస్తుంది. నువ్వొక్కదానివే చెయ్యి, రోజూ చెయ్యి. పెద్దలందరికీ వందనాలు, పిల్లలకు ముద్దులు.

ఎంత పొడుగని బావగారు అడుగుతారు. రైలు పెట్టెలో పట్టేంత పొడుగని చెప్పు.

నీ చెల్లెలు
మేరీ