ప్రోగ్రామర్ సీటు ఒక్కటే

బాలికల హాస్టల్, కుమాసి
జూన్ 3

మామయ్యకు మేనకోడలు పొకువా నమస్కారాలు.

హాస్టల్లో ఫోన్లు ఉంచుకోనివ్వరు కాబట్టి ఈ ఉత్తరం. పెద్ద సెలవుల్లో రోబోల శిక్షణకు వెళ్దామనుకుంటున్నాను. రాజధాని అక్రాలో ఒకటుంది. విదేశాల నుంచి డబ్బాలో వచ్చిన రోబోకి పిల్లలు నాలుగు మరలు బిగిస్తారు, ఫొటో దిగుతారు, ఇంజనీర్లమైపోయామని ఊరంతా చెప్పుకుంటారు. నాకా వేషాలు వద్దు. ఇక్కడే సుయామెలో, పాత లారీలు విప్పే షెడ్ల మధ్య ఇంకొకటుంది. అక్కడ తుక్కుతో రోబోను మొదటి నుంచీ మనమే చెయ్యాలి. అందులో ప్రోగ్రామర్‌గా ఒక్క సీటే మిగిలింది. మన వంశంలో మేనమామ మాటే చెల్లుతుంది కదా, జతపరిచిన ఫారం మీద సంతకం పెట్టి వచ్చే వారం శుక్రవారం లోపు వాళ్ళకి అందేలా చూడండి.

ఇట్లు,
పొకువా

తా.క. అక్రా వాళ్ళు టీషర్టు ఇస్తారని అమ్మ మురిసిపోతోంది. టీషర్టు కోసం ఇంజనీరింగా!


మాంపాంగ్
జూన్ 5

చి. పొకువాకు మామయ్య దార్కో దీవెనలు.

ప్రోగ్రామర్ అవడానికి శిక్షణా? నలుగురూ నవ్విపోతారే! నలభై చావు ప్రోగ్రాములు ఒంటిచేత్తో నడిపించినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, తుక్కు షెడ్డులో ప్రోగ్రాం నేర్చుకుంటావా? కరచాలనాలు కుడివైపు నుంచి మొదలవ్వాలని, రాణిమాత వస్తే డప్పులు ఆపాలని వాళ్ళకేం తెలుసు? నేను సంతకం పెట్టను. శనివారం చావు ప్రోగ్రాం ఉంది, వచ్చి నా పక్కన నిలబడి నేర్చుకో.

మామయ్య

తా.క. ఆ రోబో చావింట్లో ఏడుస్తుందా? అయితే ఆలోచిద్దాం. చావిళ్ళలో ఏడ్చి ఏడ్చి మీ అత్త గొంతు పోయింది.


కుమాసి
జూన్ 7

మామయ్యా, మీ తెలివికో దండం!

నా ప్రోగ్రాం శవం దగ్గర జరిగేది కాదు. ఏది ముందు, ఏది తర్వాత అని యంత్రానికి వరసగా రాసిచ్చే ఆదేశాలు. ఒక్క వరస తప్పినా అది మొండికేస్తుంది. మీకు అర్థమయ్యే విషయం కాదులెండి. నమ్మకపోతే వెళ్ళి చూడండి. ఏడాదిగా ఈ సీటు కోసమే కళ్ళల్లో ఒత్తులేసుకుని ఎదురుచూస్తున్నాను. అది పోతే తట్టుకోలేను.

పొకువా

తా.క. రోబో ఏడవదు. ఏడిపించడానికి మీరున్నారుగా.


మాంపాంగ్
జూన్ 11

చి. పొకువాకు,

చూడమన్నావు కదా అని వెళ్ళి చూశాను. ఒక తుక్కు బండి గోడకి గుద్దుకుంటోంది, వెనక్కొచ్చి మళ్ళీ గుద్దుకుంటోంది. చుట్టూ పదిమంది చదువుకున్నవాళ్ళు తలలు పట్టుకుని కూర్చున్నారు! "ముగింపు ప్రార్థన ఎక్కడ పెట్టార్రా? అది లేకుండా చావింటి నుంచి ఒక్కడైనా కదులుతాడా?" అన్నాను. కాగితాలు తిరగేశారు. ఎప్పుడు ఆగాలో దానికి ఎవడూ చెప్పనేలేదు! ఆ వరస కలపగానే బండి బుద్ధిగా ఆగింది. నేర్పించే ఆవిడ, ఆఫ్రియే అట పేరు, "అయ్యా, మీలాంటి ప్రోగ్రామర్ కోసమే చూస్తున్నాం" అంది. వయసు అడ్డం కాదా అంటే, బుర్ర ఉంటే చాలంది.

కాబట్టి సంతకం పెట్టేశాను. నువ్వన్నది నిజమే, ఒక్క సీటే మిగిలింది. ఇప్పుడు అదీ లేదు. నువ్వింకా చిన్నపిల్లవి, అక్రా వెళ్ళి మరలు బిగించుకో.

మామయ్య

తా.క. ఫారంలో "విద్యార్థి సంరక్షకుడికి ఏమవుతారు?" అని అడిగారు. "నేనే" అని రాశాను. తప్పేం లేదు కదా?