పింగాణీ పంటికి పథ్యం

మే 6, బుధవారం, సాయంత్రం
పన్ను వచ్చింది! ముందు పన్నే. నాలుగేళ్ళ కింద సోడా మూతను పళ్ళతో తీయబోయి సగం విరగ్గొట్టుకున్నది. మిగిలిన సగం మీద డాక్టర్ తనూజ పింగాణీ తొడుగు అతికించి, నీలం లైటు పెట్టి గట్టిపరిచింది.

"పింగాణీ గట్టిదే శివన్నా. దానికీ నీ పంటికీ మధ్య అతుకు ఉండాది సూడు, దాన్ని కాపాడుకోవల్ల. ఎముకలు కొరకొద్దు. కరకరలాడే నిప్పట్లు, మామిడి టెంకలు వద్దు. పత్యం పాటిస్తే శానా ఏండ్లు ఉంటాది," అంది.

నాకా చెప్పేది? కడపలో నాపరాళ్ళ వ్యాపారం నాది. పరిచిన బండ ఊడిందంటే తప్పు బండది కాదు, కింద సిమెంటుది.

పదిహేడున మా పెళ్ళిరోజు. స్టూడియోలో నేను నవ్వుతున్న ఫోటో కావాలని కృష్ణవేణమ్మ కోరిక. పన్ను విరిగినప్పటి నుంచి టవలు అడ్డం పెట్టుకునే నవ్వుతున్నాను. పెళ్ళాం నోరు తెరిచి అడిగిన కోరిక ఇదొక్కటే. ఎముక ముట్టను. ఒట్టు.

మే 8
మజ్జిగన్నం. అరటిపండు. ఇడ్లీ. బాలింత తిండి. అయినా అద్దంలో నవ్వు బాగుంది. షాపుకొచ్చిన వాళ్ళకు ఊరికే నవ్వి చూపిస్తున్నాను. ఒకాయన బేరం కూడా ఆడకుండా వెళ్ళిపోయాడు. జడుసుకున్నట్టున్నాడు.

మే 10, ఆదివారం
ఇంట్లో మటన్. ఎముకలన్నీ కృష్ణవేణమ్మ పళ్ళెంలో. చప్పుడు చేస్తూ జుర్రుకుంది, నా వైపు చూస్తూనే.

మే 12
ఒక ఆలోచన. బండ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? తట్టి చూస్తాం. కంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే లోపల పగులు. తాళంచెవితో పన్ను తట్టాను. కంగుమంది.

టీలో నానబెట్టిన నిప్పట్టు ఒకటి తిన్నాను. నానింది కాబట్టి లెక్కలోకి రాదు.

మే 14
పొద్దున తట్టాను, సాయంత్రం తట్టాను. బాగానే పలుకుతోంది. కాబట్టి నానబెట్టని నిప్పట్లు, పక్క పళ్ళతో. మామిడి టెంక కూడా. చీకడమే, కొరకడం కాదు.

"ఏమయ్యా, ఊరికే తడ్తాండావు? అది పన్నా, నాపరాయా?" అంది కృష్ణవేణమ్మ.

ఆమెకు వ్యాపారం తెలీదు.

మే 16, శనివారం
బావమరిది రాజశేఖర్ ఇంట్లో పొట్టేలు కోశారు. రాగి సంగటి, కూర. మూలుగున్న నల్లి ఎముకను అత్త తన చేత్తో అల్లుడి పళ్ళెంలో వేయడం ఆ ఇంటి ఆనవాయితీ. వద్దంటే మా అత్త ఓబులమ్మ ఆ పూట అన్నం ముట్టదు.

"తిను నాయనా, నీకనే ఎత్తిపెట్నా."

పీల్చాను. రాలేదు. పళ్ళేనికి కొట్టాను. రాలేదు. మూలుగ కళ్ళెదుటే కనిపిస్తోంది. పక్క పంటితో కాస్త నొక్కాను. ఎముక జారి ముందు పంటికి వచ్చింది.

టక్.

ఇంటిల్లిపాదీ నా సంగటి ముద్దలో వెతికారు. దొరికింది. పింగాణీకి గీత కూడా పడలేదు. అతుకే ఊడింది.

కృష్ణవేణమ్మ ఆ తొడుగును కొంగున ముడేసుకుంది. తిట్టినా బాగుండేది.

మే 17
ఆదివారం, డాక్టరమ్మ ఉండదు. స్టూడియో అతను నవ్వమన్నాడు. టవలు కోసం భుజం తడుముకున్నాను. కృష్ణవేణమ్మ ముందే లాగేసుకుంది.

"పన్ను లేకుంటే నీకు నామోషీ గానీ నాకేముండాది? నాలుగేండ్లుగా నీ నవ్వు సూడక నేనెట్లుండానో ఒక్కసారన్నా అడిగినావా?"

అడగలేదు. సిగ్గేసింది, పన్ను గురించి మాత్రం కాదు.

ఏదో సర్దిచెప్పబోతే సందులోంచి గాలి ఈలలా వచ్చింది. ఆమె పకపకా నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను. అప్పుడే ఫోటో తీసేశాడు.

కంప్యూటర్లో పన్ను పెడతానన్నాడు.

"వద్దప్పా. మా ఆయప్ప ఎట్ల నవ్వినాడో అట్లే ఉండనీ," అంది.

మే 18
డాక్టరమ్మ శుభ్రం చేసి అదే తొడుగు మళ్ళీ అతికించింది. తాళంచెవి సంగతి విని తల పట్టుకుంది.

నియమం ఈ పూట నుంచే కొత్తగా మొదలు. ఎముకలు లేవు. నిప్పట్లు లేవు, నానినవైనా సరే. తట్టి చూడటం అసలే లేదు.

నవ్వుకు మాత్రం పథ్యం లేదు. అడిగే వచ్చాను.