జరీగుడ్డ కింద బ్రేకులు

మెదక్,
1957 అక్టోబరు

మరిది దేవసహాయానికి,

దేవుని దయవల్ల ఇక్కడ హాస్టలు పిల్లలు, పప్పుల పురుగులు, నేను, అందరం క్షేమం.

లీలమ్మ పోయి ఏడాది కావస్తుంది. నా చెల్లె, నీ పెండ్లాం. ఆమె కోసం నీకెంత దుఃఖమో నాకూ అంతే. కానీ ఆ కారు సంగతి ఒకటి తేల్చాలె. నర్సు పని మీద ఊళ్ళు తిరుగుతదని మా నాయన కొనిచ్చిన కారు గనుక నాకూ ఒక మాట చెప్పే హక్కుంది. ఇప్పుడు తిరిగేదెవరు? నీకు నడపరాదు. లీలమ్మకు నడపొచ్చేది గానీ ఆ కారుకు ఆగరాదు. మందుల పెట్టెలు, మంత్రసాని నర్సింహమ్మ, నొప్పులు పడే మనిషి, ఆ మనిషి అత్త, ఇంతమందిని ఎక్కిస్తే ఆ చిన్న బ్రేకులు పాపం ఏం జేస్తయి? ముత్తంగి కాడ రోడ్డు దిగుడుల బండి ఆపాలంటే ఐలన్న గడ్డివాముకు గుద్దాల్సిందే. అందుకే ఐలన్న తన వామును రోడ్డు పక్కకు జరిపిండు.

సదాశివపేట వెంకటేశం కొంటనంటుండు. శనివారం వస్తడు. అమ్మెయ్.

నీ మంచి కోరే
జయశీల వదిన

తా.క. కారు లోపల జెర ఊడ్పించు. ఐలన్న గడ్డి ఇంకా ఉంటది.

*

సంగారెడ్డి,
అక్టోబరు

వదిన గారికి వందనాలు.

కారు అమ్మను.

ఆగదన్నారు. ఆపుతాను. అదే కంపెనీ పెద్ద కారు బ్రేకులను దీని ముందు చక్రాలకు బిగించవచ్చు. రెండూ ఒకే వంశం. బ్రేకు డ్రమ్ము పెద్దది, బిగించే అమరిక ఒకటే. ఈ మాట లీలమ్మ చెప్పినప్పుడు మీరు నవ్వారు. నేను మెకానిక్ దగ్గర కొలతలు చూశాను. ఆమె చెప్పింది నిజం.

నడపడం నేర్చుకుంటాను. నర్సింహమ్మ ఇప్పుడు కాన్పులకు నడిచి వెళుతోంది. మొన్న ఆమె అమీన్‌పూర్ చేరేసరికి బిడ్డ దక్కలేదు. కారు ఉండగా ఇలా జరగడానికి వీల్లేదు.

పటాన్‌చెరులో అక్తరీ బేగం గారి షెడ్డులో అలాంటి పెద్ద కారు ఉంది. వారి భర్త పోయిన నాటి నుంచి కదల్లేదు. శుక్రవారం బడి అయ్యాక వెళ్ళి అడుగుతాను.

దేవసహాయం

తా.క. వెంకటేశం గారు వచ్చారు. బ్రేకు పరీక్షిస్తానని వాకిట్లో కారును తోయించారు. అది ఆయనను దాటి వెళ్ళింది. ప్రహరీ గోడ ఆపింది. ఆయన టీ తాగకుండా వెళ్ళారు.

*

మెదక్,
నవంబరు

మరిదీ,

ఈసారి క్షేమ సమాచారాలు లేవు. ఉన్నా రాయను.

నీ ఉత్తరం చదివి ఊరుకున్న. ఊరుకునుడే తప్పయింది. నర్సింహమ్మ మొన్న హాస్టలుకు వచ్చి ఒక్కొక్కటే బయటపెట్టింది.

“అమ్మా, సారు ప్రతి శుక్రవారం పటాన్‌చెరు పోతుండు. తలకు నూనె, ఇస్త్రీ అంగీ. చేతుల తాంబాళం, దాని మీద ఎర్రగుడ్డ.”

“గుడ్డ కింద ఏముందే?”

“ఒకపారి బాదాములు. ఒకపారి అంజీర్లు. మొన్నయితే మన లీలమ్మక్క టీ సెట్టు. కాయితాలు నేనే చుట్టిన.”

ఏంది మరిదీ ఇది? మొగోడు గుడ్డ కప్పిన తాంబాళం పట్టుకొని ఆడమనిషి ఇంటికి పోతే దాన్ని మా మెదక్‌ల బ్రేకులు అనరు. లీలమ్మ సమాధి మీద రాయి కూడా పెట్టలే. అప్పుడే మా నాయన కారు అడ్డం పెట్టుకొని పెళ్ళిమాటలు నడుపుతున్నవా?

కోపంతో
జయశీల

తా.క. ఆ బేగంకు వయసెంత? నేను అడిగిన అని ఎవరితోని అనకు.

*

సంగారెడ్డి,
నవంబరు

వదిన గారికి వందనాలు.

బేగం గారి వయసు తెలియదు. పర్దా అవతల కూర్చుంటారు.

తాంబాళం సంగతి. మొదటి రోజు ధర అడిగాను. వారి డ్రైవరు ఫజలుద్దీన్ చెవులు మూసుకున్నాడు. పర్దా వెనుక నుంచి జవాబు వచ్చింది: “మా సాబ్ చీజులు, ఆయన సామాన్లు, మేం అమ్మం, మాస్టర్ సాబ్. ఇస్తం.” పెద్దింటివారు ఇచ్చినదాన్ని ఊరికే పుచ్చుకోకూడదట. తాంబాళంలో ఏదో ఒకటి పెట్టి తేవాలి. గుడ్డ కప్పకపోతే వారికి అవమానం. బాదాములకు “చూద్దాం” అన్నారు. అంజీర్లకూ అంతే. టీ సెట్టుకు “సరే” అన్నారు.

మా ఇంట్లో ఇప్పుడు అన్ని కప్పులు అక్కర్లేదు.

వచ్చే శుక్రవారం వారు డ్రమ్ములు పంపుతారు. మెదక్‌లో వీటిని ఏమన్నా అనుకోండి. సంగారెడ్డిలో బ్రేకులే అంటాం.

దేవసహాయం

తా.క. రాయి చెక్కుతున్నారు. దాని మీదికి మీరు పంపిన బైబిలు వాక్యం పొడవుగా ఉంది. పేరు చాలన్నాను.

*

మెదక్,
నవంబరు

ఓ సంగారెడ్డి పెండ్లికొడుకా,

మా వంటమనిషి కిష్టప్ప బియ్యం కోసం మీ ఊరికి వచ్చి కళ్ళార చూసిండు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

“నలుగురు మనుషులమ్మా! రెండు తాంబాళాలు. మీద జరీగుడ్డ ధగధగ! ముంగట ఒక ముసలి సాయబు అత్తరు జల్లుకుంట నడుస్తుండు. మోసేటోళ్ళ నడుములు వంగిపోయినయి. ఎంత బంగారమో!”

“ఇనుమేమోరా కిష్టప్పా.”

“ఇనుముకు ఎవలన్న జరీ కప్పుతరా అమ్మా? నన్ను ఎడ్డోణ్ణి చేస్తున్నరా?”

బజారంత నీ గుమ్మం దాక వెంటొచ్చిందంట. నువ్వేమో గుడ్డ తీసి చూపియ్యకుండ తలుపేసుకున్నవంట!

ఇగ చాలు. పాస్టరు పౌలు గారిని వెంటబెట్టుకొని శనివారం వస్తున్న. పటాన్‌చెరుల దిగి ఆ బేగంనే అడుగుత. పెళ్ళిమాట నిజమైతే కారు పాత ఇనుము కిందనన్న వెంకటేశం పాలు చేస్త. నిజంగ బ్రేకులే అయితే, నేనే అందుల కూసొని ముత్తంగి దిగుడు దిగుత. నా మాట మాటే.

జయశీల

తా.క. ఐలన్న గడ్డివాము ఇంకా అక్కడనే ఉందా? ఊరికె అడుగుతున్న.

*

సంగారెడ్డి,
నవంబరు

వదిన గారికి వందనాలు.

నా ఇంటికి వచ్చిన బ్రేకులను బజారుకు చూపించాలనే చట్టం లేదు.

మెకానిక్ ముర్తుజా బిగించాడు. పెద్ద డ్రమ్ము మీద మన చక్రం కూర్చోలేదు. బేగం గారు ఆ కారు చక్రాలు కూడా పంపారు. వాటి మీదా గుడ్డ ఉంది. ఇప్పుడు మన కారు ముందు ఎత్తుగా, వెనుక కుంగినట్టుగా ఉంది. వీధిలో నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. వెనుక బ్రేకులు మార్చలేదు. అవి ముందుగా పట్టేస్తే బండి అడ్డం తిరుగుతుంది.

నడపడం ఫజలుద్దీన్ నేర్పాడు. శనివారం పటాన్‌చెరులో బస్సు దగ్గర కారుతో ఉంటాను. ముందు ముత్తంగి దిగుదాం. తర్వాత బేగం గారిని ఏమైనా అడగండి.

గడ్డివాము అక్కడే ఉంది. అవసరం రాదు.

దేవసహాయం

తా.క. ఒళ్ళో టిఫిన్ క్యారియరు పెట్టుకోవద్దు.

*

పటాన్‌చెరు,
అక్తరీ బేగం గారి ఇల్లు,
డిసెంబరు

మరిది దేవసహాయానికి,

అడ్రసు చూసి పరేషాన్ కాకు. నువ్వు బడి ఉందని కారు మా కోసం విడిచి బస్సెక్కి పోయినవు. నేను పోలే.

క్యారియరు వద్దన్నవు గనుకనే పెట్టుకున్న. దిగుడుల నువ్వు తొక్కంగనే కారు ఆగింది. పులుసు ఆగలే. పౌలు గారి తెల్ల అంగీ ఇగ తెల్లగ కాదు. ఐలన్న వాము పక్కన నిలబడి, “ఇగ నా గడ్డితోని పని లేదా అమ్మా?” అని మొఖం చిన్నబుచ్చుకున్నడు.

బేగంతో కొట్లాడుదామనే పర్దా లోపలికి పోయిన. ఆమె తల ముగ్గుబుట్ట, నోట్ల పండ్లు లేవు. లీలమ్మ కప్పులనే చాయ్ పోసి ఇచ్చింది. “ఇనుముకు బదులు మా చెల్లె టీ సెట్టు ఎట్ల తీసుకున్నవు?” అని గట్టిగనే అడిగిన. ఆమె ఏమన్నదో విను.

“బేటీ, మొదటి శుక్రవారమే ఇయ్యబోయిన. నీ మరిది రెండు మాటలకు మించి మాట్లాడడు. కానీ పోయేటప్పుడు గడపల నిలబడి లీలమ్మ ముచ్చట ఒకటి చెప్పిండు. ఇంట్ల గోడలకు చెప్పుకుంటడా? డ్రమ్ములు ఇచ్చేస్తే మళ్ళ రాడు. అందుకే చూద్దాం అన్న. టీ సెట్టు తెచ్చిననాడు కప్పుకొక్క ముచ్చట చెప్పిండు. ఇగ డ్రమ్ములు ఆపబుద్ధి కాలే.”

నీకు చెప్పనని ఆమెకు మాటిచ్చిన. ఆ చాయ్ చల్లారకముందే రాస్తున్న.

నువ్వు బడికి పోతే నర్సింహమ్మను ఊళ్ళకు ఎవరు తిప్పుతరు? హాస్టలుకు రాజీనామా రాసిన. పప్పుల పురుగులు వేరెవరన్న ఏరుకుంటరు. ఫజలుద్దీన్ నాకు కారు నేర్పుతుండు. ఇప్పటికి రెండు కోళ్ళు బతికినయి. బ్రేకులు మంచియే.

నీ వదిన
జయశీల

తా.క. కారు మా నాయన చీజు. అమ్మను. ఇస్త. శుక్రవారం తాంబాళంతో రా. గుడ్డ మరువకు.

*

సంగారెడ్డి,
డిసెంబరు

వదిన గారికి వందనాలు.

బేగం గారు కావాలనే ఆపుతున్నారని నాకు రెండో శుక్రవారమే తెలుసు. నేను వెళ్ళేసరికి డ్రమ్ములు విప్పి, తుడిచి, నూనె రాసి వరండాలో గోడకు ఆనించి ఉన్నాయి. నా కుర్చీ వాటి పక్కనే వేశారు. చూడనట్టు కూర్చున్నాను.

కారు మీ దగ్గరే ఉంచండి. తాంబాళం మాత్రం తెస్తాను.

దేవసహాయం

తా.క. టీ సెట్టులో పాలకూజా చెవి అతికించి ఉంటుంది. జాగ్రత్తగా పట్టుకోండి. అది ఎలా విరిగిందో బేగం గారికి ఇంకా చెప్పలేదు. శుక్రవారం మీరూ వినండి.